అద్దెవాళ్లకు రాసే ఉత్తరంలో ‘ఖాళీ’ మాట ఎందుకు?

ఈమధ్య అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక నమూనా ఉత్తరం తిరుగుతోంది. అద్దెకున్నవాళ్లు మాట వినకపోతే ప్రింటు తీసి ఇచ్చేయండని సలహా. మొత్తం నాలుగు వాక్యాలు. ‘మీరు అగ్రిమెంటులోని షరతులను పదేపదే ఉల్లంఘిస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా మీ పద్ధతి మారలేదు. ఇకనైనా మార్చుకోకపోతే వెంటనే ఇల్లు ఖాళీ చేయవలసి ఉంటుంది. లేనిచో చట్టపరమైన చర్యలు తీసుకుంటాము.’ కింద పేరుకీ సంతకానికీ గీతలు.

విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి కూర్మన్నపాలెం దాకా ఏ ఇంటికైనా సరిపోయే ఉత్తరం అది. ఏ ఇంటికైనా సరిపోతుందంటే ఏ ఇంటి సంగతీ అందులో లేదన్నమాట. అక్కయ్యపాలెంలో ఒకాయన దీన్ని కింది పోర్షనువాళ్లకు ఇచ్చారు. వాళ్లు భయపడి, గేటు పక్కన పెట్టే స్కూటరు గురించే అనుకుని దాన్ని వీధిలోకి మార్చారు. ఆయన బాధ స్కూటరు గురించి కాదు. వాళ్లు మేడ మీద వాషింగ్ మెషిన్ పెట్టారు, ఆ నీళ్లు గొట్టంలోకి పోకుండా స్లాబు మీద నిలుస్తున్నాయి. పదిహేను రోజులయ్యాక కూడా నీళ్లు నిలుస్తూనే ఉన్నాయి, ఆయనకు కోపం రెట్టింపయింది, వాళ్లకేమో చెప్పినట్టు చేసినా ఇంకా ఎందుకు ముఖం మాడ్చుకుంటున్నారో అర్థం కాలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హెచ్చరిక ఉత్తరం రాయడం ఆ కుటుంబం ఆ ఇంట్లోనే ఉండడానికి, ఇంటాయనకు ఇబ్బంది లేకుండా ఉండడానికి. పంపించేయాలని నిర్ణయించుకుంటే దానికి వేరే నోటీసు ఉంది, దాని పద్ధతి వేరు. రెండూ ఒకే కాగితంలో పెడితే హెచ్చరికగా పనికిరాదు, ఖాళీ నోటీసుగానూ నిలబడదు. చదివినవాళ్లు ఏం చేస్తే ఈ గొడవ తీరిపోతుందో ఆ ఉత్తరంలోనే ఉండాలి. అలా తీర్చుకునే వీలు లేని ఉత్తరం రాయకపోవడమే నయం.

చట్టం అడిగేది కూడా ఇంతే

మెత్తగా రాయమంటున్నానని అనుకోవద్దు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 114-ఎ అనే సెక్షన్ ఉంది, 1929లో చేర్చారు. షరతు తప్పితే లీజు పోతుందని అగ్రిమెంటులో స్పష్టంగా రాసుకున్నా సరే, ఆ కారణం మీద దావా వేయాలంటే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలంటుంది. అందులో ఉండాల్సినవి రెండు. ఒకటి, ఫలానా ఉల్లంఘన అని విడిగా, నిర్దిష్టంగా చెప్పాలి. రెండు, అది సరిదిద్దుకోగలిగేదైతే సరిదిద్దమని అడగాలి. ఆపైన సబబైన వ్యవధి గడిచినా దిద్దుకోకపోతేనే దావాకు దారి. ‘షరతులను పదేపదే ఉల్లంఘిస్తున్నారు’ అన్న వాక్యం ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. కోపంగా రాసిన ఉత్తరం బలమైన ఉత్తరమని చాలామంది నమ్మకం. కోర్టులో అది ఉత్తరమే రాయనట్టు లెక్క.

ఈ సెక్షన్‌కు మినహాయింపులున్నాయి. అద్దె బాకీకీ, ఇల్లు మరొకరికి అద్దెకిచ్చుకోవడం లేదా అప్పగించడం కూడదన్న షరతుకీ ఇది వర్తించదు. అయినా ఆ రెండు సందర్భాల్లోనూ ఇదే పద్ధతిలో రాయమంటాను. ఫలానా నెల అద్దె, ఇంత మొత్తం, ఫలానా తేదీకి రావాలి, రాలేదు అని రాసిన కాగితం ముందు వాదించడానికి ఎవరికీ పెద్దగా ఏమీ మిగలదు.

కర్రీ పాయింటు సంగతి

ఉదాహరణకు విశాఖలో మామూలుగా జరిగేది ఒకటి తీసుకుందాం. కింది పోర్షను నివాసానికని అద్దెకిచ్చారు. ఆరు నెలలకు ఆ ఇంటావిడ నాలుగిళ్లకు కూరలు వండి పంపడం మొదలుపెట్టింది. తర్వాత గుమ్మం ముందు బల్ల వేశారు, కర్రీ పాయింటు బోర్డు వచ్చింది. వంటింట్లో 14.2 కిలోల ఇంటి సిలిండరు ఉండాల్సిన చోట 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు రెండు చేరాయి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గేటు ముందు బళ్లు.

ఇంటాయనకు ఇక్కడ కష్టం రద్దీ ఒక్కటే కాదు. మీటరు గృహ వినియోగం కింద ఆయన పేరునే ఉంది. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం, అనుమతించిన అవసరానికి కాక వేరే అవసరానికి కరెంటు వాడితే అది అనధికార వినియోగం. లెక్క కట్టేది వర్తించే టారిఫ్‌కు రెట్టింపు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందటి పన్నెండు నెలలకు వేస్తారు. ఆ బిల్లు ఇక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ పంపేది ఆయన సర్వీసు నంబరు మీద. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయినా ఆ నంబరు ఆయనతోనే ఉంటుంది. ఇంటి పన్ను కూడా నివాసానికి ఒక లెక్క, వ్యాపారానికి ఇంకో లెక్క.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులు. ఉత్తరంలో రాయాల్సింది ఇవే. ‘మీవల్ల వీధిలో మా పరువు పోతోంది’ అని రాస్తే అవతలివాళ్ల పరువూ గుర్తొస్తుంది, అక్కడితో మాట తెగిపోతుంది. ఇలా రాయవచ్చు:

‘ఎంవీపీ కాలనీలోని మా ఇంటి కింది పోర్షనును 2025 జూన్ 1 నాటి అగ్రిమెంటు ప్రకారం మీకు అద్దెకిచ్చాము. అందులో 6వ షరతు: "ఈ పోర్షనును కుటుంబ నివాసానికి మాత్రమే వాడాలి, ఏ విధమైన వ్యాపారమూ చేయరాదు." జనవరి 12, 14, 17 తేదీల్లో సాయంత్రం ఆరు, తొమ్మిది గంటల మధ్య గుమ్మం ముందు బల్ల వేసి కూరలు అమ్మడం చూశాము. 17వ తేదీన వరండాలో రెండు కమర్షియల్ సిలిండర్లు ఉన్నాయి. మీటరు గృహ వినియోగానికి ఇచ్చినది. వ్యాపారానికి వాడితే విద్యుత్ శాఖ రెట్టింపు లెక్కన బిల్లు వేసే అవకాశం ఉంది. అందుచేత సిలిండర్లను ఈ ఉత్తరం అందిన మర్నాటికల్లా తీసేయాలి. అమ్మకం, బోర్డు, బల్ల ఫిబ్రవరి 20 లోపు ఆపేయాలి. ఫిబ్రవరి 21 శనివారం ఉదయం పదింటికి వచ్చి చూస్తాము. ఆ సమయం మీకు కుదరకపోతే ముందురోజు చెప్పండి. ఇందులో ఏదైనా పొరపాటుగా రాశామనిపిస్తే ఫిబ్రవరి 5 లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. ఈ ఉత్తరం వల్ల మీ అద్దె ఒప్పందం రద్దు కాలేదు.’

ఇందులో మూడు తేదీలు వేయడం ఊరికే కాదు. ఒక్క తేదీ ఉంటే ‘ఆరోజు మా మరదలి పుట్టినరోజు, కూరలు పంచాం’ అనవచ్చు, అది నిజం కూడా కావచ్చు. అలాగని ఇరవై తేదీలు రాస్తే నెలరోజులు కిటికీలోంచి కాపలా కాశారన్న భావన కలుగుతుంది. షరతును అగ్రిమెంటులో ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయాలి. మన మాటల్లో చెప్పబోతే అందులో లేని కఠినత్వం వచ్చి చేరుతుంది. అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంటే ఆ వాక్యం అలాగే వేసి, కింద దాని అర్థం వాళ్లు చదివే భాషలో రాయాలి. ఈ ఊళ్లో నేవీ వాళ్లు, స్టీల్ ప్లాంటు వాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది అద్దెకుంటారు. తెలుగు చదవలేని ఇంటికి తెలుగు ఉత్తరం ఇచ్చి, హెచ్చరించానని అనుకోవడం న్యాయం కాదు.

ఇంకో సంగతి గమనించండి, ఇందులో గడువులు రెండున్నాయి. సిలిండర్లది ప్రమాదం, దానికి ఒక్కరోజు. వ్యాపారం మార్చుకోవాలంటే వేరే గది వెతకాలి, అడ్వాన్స్ కట్టాలి, వాడుకగా వచ్చేవాళ్లకు చెప్పుకోవాలి. దానికి మూడు నాలుగు వారాలైనా ఇవ్వాలి. అన్నిటికీ కలిపి ‘ఏడు రోజులు’ అని రాస్తే ప్రమాదానికి అది మరీ ఎక్కువ, తక్కినదానికి మరీ తక్కువ.

ఉల్లంఘన వేరు, మనకు నచ్చకపోవడం వేరు

ఉత్తరం రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అగ్రిమెంటు తీసి, మన ఫిర్యాదు ఏ షరతు కిందికి వస్తుందో వేలు పెట్టి చూపించగలమా అని చూసుకోవాలి. చూపించలేకపోతే ఉత్తరం వద్దు. ఈ వడపోతలో సగం ఫిర్యాదులు నిలవవు.

ఎండుచేపల వాసన గురించి ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో గొడవలు పడతారో అందరికీ తెలుసు. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, ఎండుచేపలు వేపితే వీధంతా తెలుస్తుంది. అగ్రిమెంటులో దాని ఊసే లేనప్పుడు అది ఉల్లంఘన ఎలా అవుతుంది? వంట వాసన నచ్చకపోతే ఇల్లు ఇచ్చే ముందే మాట్లాడుకోవాలి. ఇచ్చాక, వాళ్ల తిండి వాళ్లది. అలాగే ఊరి నుంచి అత్తమామలు వచ్చి రెండు నెలలు ఉన్నారనుకోండి, అది ఇల్లు మరొకరికి అద్దెకివ్వడం కాదు. రుషికొండ, ఎండాడ వైపు ఇద్దరు విద్యార్థులకని ఇచ్చిన ఫ్లాటులో ఆరుగురు ఉంటూ, ఆ మిగతా నలుగురు ఆ ఇద్దరికి డబ్బు కడుతున్నారంటే మాత్రం సంగతి వేరు. అక్కడ కూడా ‘ఎవరెవరో వస్తున్నారు’ అని రాస్తే చాలదు. అగ్రిమెంటులో ఎంతమందికి ఒప్పుకున్నారు, ఇప్పుడు ఎంతమంది ఉంటున్నారు, అది ఎలా తెలిసింది, ఈ మూడూ రాయాలి.

తుప్పు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, చినవాల్తేరు లాంటి చోట్ల కిటికీ గ్రిల్లుకు ఏటా రంగు వేయకపోతే ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేస్తుంది. స్లాబులో ఊచ తుప్పు పట్టి ఉబ్బితే పెచ్చులూడతాయి. దీన్ని అద్దెకున్నవాళ్ల నిర్లక్ష్యమని ఉత్తరం రాసేవాళ్లున్నారు. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే వర్తించే ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇల్లు మంచి స్థితిలో ఉంచమంటూనే, మామూలు వాడుకలో వచ్చే అరుగుదలనూ మనిషి ఆపలేని శక్తుల వల్ల జరిగినదాన్నీ మినహాయించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు ఎగిరిపోయిన కిటికీ అద్దాలకు అద్దెవాళ్లు ఎలా బాధ్యులు కారో, ఏళ్ల తరబడి సముద్రం తినేసిన గ్రిల్లుకూ అలాగే కారు.

అదే ఏసీ విషయంలో తప్పు వాళ్లది కావచ్చు. అడగకుండా బయటి గోడకు బోల్టులు దించి అవుట్‌డోర్ యూనిట్ బిగించారు, రాగి గొట్టాలకు గోడలో కన్నం వేయించారు, ఆ కన్నం చుట్టూ సిమెంటు పూయించకుండా వదిలేశారు. ఈశాన్య రుతుపవనాల్లో గాలివాన గోడకు అడ్డంగా కొడుతుంది. నీరు ఆ కన్నంలోంచి లోపలికి దిగి, మర్నాడు పడకగది గోడ మీద చెమ్మ మరకగా తేలుతుంది. డ్రెయిన్ పైపు వదులుగా వేలాడేస్తే కింది ఫ్లాటువాళ్ల సజ్జా మీద చుక్కలు పడుతూనే ఉంటాయి. దీనికి రాసే ఉత్తరంలో ‘ఏసీ తీసేయండి’ అనక్కర్లేదు. కన్నం చుట్టూ నీరు దిగకుండా పూడ్పించి, పైపును మురుగు గొట్టంలోకి కలపమంటే చాలు. అద్దెకున్నవాళ్ల చేతల వల్ల వచ్చిన లోపం చూసి నోటీసిస్తే, మూడు నెలల్లో వాళ్లు బాగుచేయించాలని అదే 108వ సెక్షన్ చెబుతుంది. వానాకాలం మధ్యలో ‘పదిరోజుల్లో గోడ బాగుచేయించండి’ అని రాస్తే మేస్త్రి రాడు, వచ్చినా తడిగోడ మీద పూత నిలవదు.

ఇంకా ఒకటి, మన వైపు కూడా చూసుకోవాలి. బాత్రూము పైకప్పు కారుతోందని వాళ్లు మూడు నెలలుగా అడుగుతుంటే పట్టించుకోకుండా, మేడ మీద తొట్లు పెట్టారని ఉత్తరం రాస్తే, జవాబులో ముందు ఆ కారడమే వస్తుంది. రావాలి కూడా. ఇంటాయన చేయించాల్సిన రిపేరు చెప్పాక కూడా చేయించకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకునే హక్కు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది.

‘నోటితో చెప్తే సరిపోయేదానికి కాగితమెందుకు?’

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పైన ఇంటివాళ్లు, కింద అద్దెవాళ్లు. సంక్రాంతికి అరిసెలు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు. అలాంటి చోట ఉత్తరం ఇస్తే ‘కాగితం దాకా వచ్చిందా’ అని మనసు విరుగుతుంది. కొన్నిసార్లు ఆ విరుపు అసలు తప్పు కంటే పెద్దదవుతుంది. పైగా ఇద్దరి బలం సమానం కాదు. వాళ్ల రెండు మూడు నెలల అడ్వాన్స్ ఇంటాయన దగ్గర ఉంది, పిల్లల బడి పక్కవీధిలో ఉంది. ఇంటాయన చిన్నగా విసుక్కున్నా వాళ్లకు అది పెద్దగానే వినిపిస్తుంది.

ఒప్పుకుంటాను. మొదట నోటితోనే చెప్పాలి, అదీ గేటు దగ్గర నలుగురి ముందు కాకుండా. చెప్పిన సాయంత్రమే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టాలి, ‘అన్నయ్యగారూ, పొద్దున మాట్లాడుకున్నట్టు మేడ మీద మెషిన్ నీళ్లు గొట్టంలోకి పోయేలా ఈ ఆదివారంలోగా చూస్తామన్నారు, థాంక్స్’ అని. అక్కడితో తీరిపోయేవి ఎన్నో. అయినా నోటి మాట ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. నోటి మాటలో ఇద్దరూ రెండు వేర్వేరు ఒప్పందాలతో బయటికొస్తారు. ‘చూస్తాను లెండి’ అన్నది ఆయనకు సరేనన్నట్టు, వాళ్లకు ఆలోచిస్తానన్నట్టు. ఆరు నెలలయ్యాక ఒకరు ‘పదిసార్లు చెప్పాను’ అంటారు, ఇంకొకరు ‘ఒక్కసారీ చెప్పలేదు’ అంటారు. ఇద్దరూ అబద్ధమాడరు.

నాకు ఎక్కువ భయం వేసేది చెప్పకుండా ఓర్చుకునేవాళ్లను చూస్తే. ఏడాదిపాటు ఊరుకుని, ఊరుకుని, ఒకరోజు ఏదో చిన్న విషయానికి పేలిపోయి ‘ఇల్లు ఖాళీ చేయండి’ అంటారు. అద్దెకున్నవాళ్లకు అది పిడుగు. ఏడాదిగా ఇబ్బంది లేనిది ఇవాళ ఎందుకైందని వాళ్లడిగితే జవాబు ఉండదు. మూడో వారంలో ఇచ్చిన మర్యాదైన ఉత్తరం ఆ కుటుంబానికి చేసే మేలు, పన్నెండో నెలలో వచ్చిన కోపం చేయదు.

మరి గట్టిగా బెదిరిస్తే తప్ప వినరు అనేవాళ్ల సంగతి? వినేవాళ్లకు బెదిరింపు అక్కర్లేదు. విననివాళ్లతో చివరికి పని జరిగేది కోర్టులో. అక్కడ పనికొచ్చేది తేదీలున్న ఉత్తరం.

ఎవరు రాయాలి, ఎలా ఇవ్వాలి

అగ్రిమెంటులో ఎవరి పేరు ఉంటే వాళ్లే సంతకం పెట్టాలి. ఇల్లు భార్య పేరున ఉండి, అగ్రిమెంటూ ఆవిడే రాసి, ఉత్తరం మాత్రం భర్త పేరున వెళ్తే దాన్ని ప్రశ్నించవచ్చు. ఇంటివాళ్లు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి తమ్ముడు చూసుకుంటుంటే, ఆయనకు రాసిచ్చిన అధికార పత్రం ఉండాలి, ఎవరి తరఫున రాస్తున్నారో ఉత్తరంలో చెప్పాలి. అటువైపు అగ్రిమెంటులో ఇద్దరి పేర్లుంటే ఇద్దరికీ రాయాలి. మొదటి ఉత్తరం వకీలు చేత రాయించడం నాకు నచ్చదు. లాయరు లెటర్‌హెడ్ చూడగానే అవతలివాళ్లూ లాయరు దగ్గరికి వెళ్తారు. ఆపైన వాషింగ్ మెషిన్ నీళ్ల గురించి మాట్లాడేది వకీళ్లే.

చేతికి ఇవ్వడమే మంచిది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద సంతకం అడగాలి. చాలామంది సంతకం పెట్టరు, పెడితే తప్పు ఒప్పుకున్నట్టేనని భయం. అందుకే అడుగున ముందే ఒక వాక్యం అచ్చు వేయాలి, ‘ఈ ఉత్తరం ప్రతి అందింది. ఇందులోని విషయాలను ఒప్పుకున్నట్టు కాదు’ అని. ఆ ఒక్క వాక్యంతో చాలావరకు సంతకం దొరుకుతుంది. దొరకకపోతే పట్టుబట్టకుండా పోస్టులో పంపాలి.

2025 సెప్టెంబరు 1 నుంచి పాత రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటరులో ఊరికే స్పీడ్ పోస్టు అంటే ఇంట్లో ఎవరు తీసుకున్నా ఇచ్చేస్తారు. రిజిస్ట్రేషన్ సేవ కావాలని, అందినట్టు రుజువు కావాలని విడిగా అడగాలి. చిరునామా అగ్రిమెంటులో ఉన్నట్టే ఉండాలి. విశాఖ డోరు నంబర్లలో వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు అంకెల వరసలు ఉంటాయి, ఒక అంకె తారుమారైతే కవరు ఇంకో వీధికి పోతుంది. ఫ్లాటు నంబరు, పిన్‌కోడు మరవద్దు, ఎంవీపీ కాలనీకైతే 530017. సరైన చిరునామాతో, సరైన స్టాంపుతో రిజిస్టరు చేసి పంపిన ఉత్తరం అందినట్టే భావించాలని 1897 జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అందలేదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాళ్లు. కవరు ‘తీసుకోలేదు’ అని తిరిగొస్తే తెరవకూడదు. ఆ మూసిన కవరే మన రుజువు. ట్రాకింగ్ పేజీని ఆ వారంలోనే ప్రింటు తీసి పెట్టుకోవాలి.

వాట్సాప్‌లో కూడా పంపండి, కానీ అదొక్కటే చాలనుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ రికార్డుకు 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఫోను మార్చినప్పుడు మెసేజ్‌లు పోగొట్టుకున్నవాళ్లకు అదీ ఉండదు.

ఫొటోల గురించి ఒక మాట. వీధి నుంచీ, మెట్ల నుంచీ కనిపించేది తీసుకోవచ్చు. వాళ్లు ఊళ్లో లేనప్పుడు రెండో తాళంచెవితో లోపలికెళ్లి తీసిన ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా, అది చూపించిన క్షణం నుంచి తప్పు మన వైపుకు తిరుగుతుంది. ఇల్లు చూసే హక్కు ఇంటాయనకు ఉంది. ముందురోజు చెప్పి, వాళ్లున్నప్పుడు వెళ్లాలి. ఫిర్యాదు చేసిన పక్కింటివాళ్ల పేరు మాత్రం రాయకండి, తేదీ, సమయం, ఏం జరిగిందన్నది చాలు.

గడువు దాటాక

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అద్దె ఐదో తారీఖున ఫోన్‌పేలో వచ్చేస్తుంది. తీసుకోవాలా, వద్దా?

ఇచ్చింది హెచ్చరిక ఉత్తరం మాత్రమే అయితే నిక్షేపంగా తీసుకోవాలి, రసీదూ ఇవ్వాలి. ఒప్పందం నడుస్తూనే ఉంది కదా. అదేరోజు ఒక మెసేజ్ పెట్టాలి, ‘ఫిబ్రవరి అద్దె అందింది. జనవరి 20 నాటి ఉత్తరంలోని విషయం ఇంకా మిగిలే ఉంది’ అని. షరతు తప్పినందుకు లీజు పోయిందని నోటీసు ఇచ్చేశాక మాత్రం సంగతి మారుతుంది. ఆస్తి బదిలీ చట్టం 112వ సెక్షన్ ప్రకారం, తప్పు తెలిసీ ఆ తర్వాతి కాలానికి అద్దె పుచ్చుకుంటే ఆ తప్పును వదిలేసినట్టు. కాబట్టి ఆ దశలో డబ్బు ముట్టుకునే ముందు వకీలును అడగాలి. ఖాళీ మాటను హెచ్చరిక ఉత్తరంలోకి రానివ్వవద్దనడానికి ఇదొక గట్టి కారణం. కోపంలో ‘మీ అగ్రిమెంటు రద్దయింది’ అని రాసేసి, పై నెల అద్దె మామూలుగా తీసుకునేవాళ్లు తమ ఉత్తరాన్ని తామే కొట్టేసుకుంటున్నారు.

నిజంగానే పంపించాల్సి వస్తే, పదకొండు నెలల కాగితం ఎప్పుడో అయిపోయి నెలనెలా నడుస్తున్న అద్దెకు అదే చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు ఉంటుంది. వాళ్ల చేతికి, లేదా ఆ ఇంట్లోని వాళ్ల కుటుంబ సభ్యుల చేతికి ఇవ్వవచ్చు, పోస్టులో పంపవచ్చు, ఏదీ కుదరకపోతే ఇంటి మీద కనిపించే చోట అంటించవచ్చు. 2002 సవరణ తర్వాత ఒకటి రెండు రోజుల తేడాతో ఆ నోటీసు చెల్లకుండా పోదు, దావా ఆ వ్యవధి ముగిశాక వేస్తే చాలు. అది విడిగా, ఇంకో తేదీన, ఇంకో కాగితం మీద.

ఈ మధ్యలో నీళ్ల మోటారు ఆపేయడం, ఫ్యూజు పీకేయడం, గేటుకు కొత్త తాళం వేయడం లాంటివి ఏ కారణానికైనా తప్పే. దావా లేకుండా బయటికి నెట్టేస్తే, 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి వాళ్లు మళ్లీ ఆ ఇంట్లోకి రాగలరు. అప్పుడు ఇల్లు ఎవరిదన్న ప్రశ్నను కోర్టు పట్టించుకోదు.

చాలా సందర్భాల్లో ఇంతదాకా రాదు. వాళ్లు మెషిన్ కింద ట్రే పెట్టి గొట్టం కలిపేస్తారు, సిలిండర్లు తీసేస్తారు. ఇంటాయన వచ్చి చూస్తాడు, తలూపుతాడు, వెళ్లిపోతాడు. ఇక్కడే ఇంటివాళ్లు ఒక పని చేయడం లేదు, అదే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. తప్పు రాసి ఇచ్చారు, దిద్దుకున్నాక అది దిద్దుకున్నట్టు ఎందుకు రాసివ్వరు? ఆ కుటుంబం దగ్గర ఒక హెచ్చరిక ఉత్తరం ఉండిపోతుంది. ఏడాది తర్వాత ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ లెక్కలో ఆ పాత ఉత్తరం మళ్లీ బయటికొస్తుందేమోనని వాళ్లకు బెంగ. రెండు వాక్యాలు చాలు:

‘జనవరి 20 నాటి ఉత్తరంలో అడిగినవన్నీ మీరు చేసినట్టు ఫిబ్రవరి 21న వచ్చి చూశాము. ఆ విషయం అంతటితో ముగిసింది, దానికి సంబంధించి మీ అడ్వాన్స్ నుంచి ఏమీ పట్టుకోము.’

తేదీ వేసి, సంతకం పెట్టి, వాళ్ల గుమ్మం దగ్గరికెళ్లి చేతికి ఇవ్వండి.